ఐదో నట్టు

గ్రిమ్స్‌బీ రేవు పక్క సందు. సన్నటి వాన.
టైరులో మేకు.
నాలుగు నట్లు మాట విన్నాయి,
ఐదోది ఉడుంపట్టు.
దాని తాళపుచెవి పాత ఓనరు
ఏ సొరుగులో పారేశాడో!

"పన్నెండేళ్లు. ఒక్క దొంగా కన్నెత్తి చూళ్లేదు
ఈ డొక్కు బండిని,"
చేపల ఫ్యాక్టరీ నైట్ డ్యూటీ బట్టల్లోనే
లోరెయిన్ నవ్వింది.
"ఇవాళ దొంగని నేనే."

కెల్విన్ పలకడు.
ఒక నలుసు బిగుతైన సాకెట్ ఎంచి
సుత్తితో దిగ్గొట్టాడు,
నట్టు నుదుటి మీది పువ్వు నలిగేదాకా.
పొడవాటి రాడ్డుకి ఒళ్లంతా వేలాడేశాడు.

కిర్రు.
కారప్పొడిలా రాలింది తుప్పు.

చక్రాన్నైతే వదిలింది.
వదిలించిన సాకెట్‌నే
ఇప్పుడు పట్టుకుని వదలదు.

సాకెట్ ఖరీదు కూడా
బిల్లులో రాశాడు కెల్విన్.