చెంచాడు చేదు

నలభై మూడేళ్ళు గ్రేప్‌ఫ్రూట్లు పండించినవాడికి
ఆ పండు తినొద్దని చెప్పే పని
ఆ మంగళవారం నా మీద పడింది.

లిమసోల్‌కి పడమట, ఫసూరి దారిలో
గాలికి అడ్డంగా నాటిన సైప్రస్ చెట్ల నీడన
నా మందుల కొట్టు.
బల్ల మీద చీటీ పెట్టి ప్రోద్రోమోస్ అన్నాడు:
"నెత్తురులో కొవ్వు పేరుకుందట.
రోజుకొకటి, పడుకోబోయే ముందు."
చేతులకి ఆకుపసరు వాసన.
గోళ్ళ కింద తొక్క పసుపు.

ఎలా చెప్పను?
నీ పేగు గోడలో ఒక గుమాస్తా ఉంటాడు, అన్నాను.
వచ్చిన మాత్రలో చాలా భాగం అక్కడే చింపి పారేసి
మిగిలిందే లోపలికి పంపుతాడు.
ఆ చింపుడంతా లెక్కేసుకునే డాక్టరు మోతాదు రాస్తాడు.
నీ పండు వెళ్ళి ఆ గుమాస్తా చేతులు విరిచేస్తుంది.
వాడిక లేవడు.
కొత్తవాడు వచ్చి కుదురుకోవాలంటే
రెండు రోజులో, మూడో.
ఈలోగా అడ్డూ ఆపూ లేకుండా
మందు నెత్తురులోకి.

"పొద్దున తిని, రాత్రి వేసుకుంటే?"
అందరూ అడిగేదే.
కుదరదు ప్రోద్రోమోస్,
గడియారాన్ని మధ్యవర్తిగా పెట్టి తీరే తగువు కాదు.

"పండు," అన్నాడు, "నా పండేనా?"
కూతురి మీద ఎవరో చాడీ మోసుకొచ్చినట్టు
నన్ను చూశాడు.
చిల్లర తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

మార్చిలో మళ్ళీ వచ్చాడు.
మూడు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగాడు.
కొమ్మలు కత్తిరించే నిచ్చెన ఎక్కలేకపోతున్నాడట,
"ఇవి తొడలు కావమ్మా, తడిసిన గోనెసంచులు."
పండు ముట్టావా?
"చెట్టు మీద ఒట్టు."
నమ్మాను. చెట్టు మీద అబద్ధపు ఒట్టు వేసే మనిషి కాదు.
ఉచ్చ నల్లగా వస్తోందా, కాఫీ మడ్డిలా?
సిగ్గుపడ్డాడు. లేదన్నాడు.
ఆ రాత్రి మాత్ర ఆపమని డాక్టరు ఫోన్లోనే చెప్పాడు.
నెత్తురు పరీక్షకి పంపాం.

ఆదివారం ఎలా ఉన్నాడో చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను.
మిరోఫోరా గాజు గిన్నెలో మిఠాయి తెచ్చింది,
చుట్ట చుట్టి పాకంలో ఊరేసిన తొక్క,
పక్కన చల్లని నీళ్ళ గ్లాసు.
ఆ ఊళ్ళో అతిథి ముందుకి మొదట వచ్చేది అదే.
ఇదేమిటని అడిగాను.
"భయపడకు, గ్రేప్‌ఫ్రూట్ కాదు.
పెరట్లో చేదు నారింజ.
పండు మానేశాక ఆయన నోరు చచ్చిపోయింది పాపం,
పూటకి రెండు పెడుతున్నాను."

గ్రేప్‌ఫ్రూట్ అనే చెప్పాను నేను.
దాని చుట్టాల పేర్లు చెప్పలేదు.
కొట్టులో ఆ రోజు నా వెనక నలుగురు నిలబడ్డారు,
అదీ నా సాకు.

"ఏడు నీళ్ళు మార్చాను," అంది ఆవిడ,
"చేదంతా పోయింది."
చేదు పోయింది.
దాని వెంట మిగతాది కూడా పోయిందని
నేను ఒట్టు వెయ్యలేను, మిరోఫోరా.

ఆవిడ చెంచా కింద పెట్టేసింది.
ఆయనే నవ్వాడు ముందు:
"పండుతో కాపురం చేసినందుకు కాదు,
నీతో చేసినందుకు నా కాళ్ళు పోయాయన్నమాట!"
ఆవిడ నవ్వలేదు.
వేరే గుమ్మంలోంచి వెళ్ళే మాత్రలూ ఉన్నాయి,
వాటికీ గుమాస్తాకీ పెద్దగా పరిచయం లేదు,
డాక్టరుని అడుగుదాం, అన్నాను.
అప్పుడు కొంచెం కూర్చుంది.

గిన్నె ఇంకా నా ముందే ఉంది.
వద్దంటే ఆ పూట ఆవిడ చేతి మీద
రెండో నేరం మోపినట్టు.

ఎవరికీ చెప్పని సంగతొకటి:
నా చేతిసంచీలో, కళ్ళజోడు పెట్టె కింద
ఉన్నదీ అదే మాత్ర. నిరుడు రాశారు.
ఒక్క చెంచాడుకి ఏమవుతుందిలే అనుకున్నాను,
ఎవరినీ నా బల్ల ముందు అననివ్వని మాట.

పాకం నాలిక మీద కరిగింది.
చేదు చివర్లో వచ్చింది,
పిలవని చుట్టంలా, నెమ్మదిగా.

"ఇంకోటి?" అంది మిరోఫోరా.