తుత్తునాగం

జెరాల్డ్‌టన్‌లో చెట్లు కూడా
దక్షిణపు గాలికి నడుం వంచి
కొమ్మలు నేలకానించి బతుకుతాయి.
ఇక ఇనుమెంత?

బ్రెంటన్ ముసలాయన అమ్మిన ట్రెయిలర్ ఇది,
ఆరు వందల డాలర్లు, పాత టైర్లు రెండు కొసరు.
ఇరవై ఏళ్లు లాబ్‌స్టర్ బుట్టలు మోసింది,
పడవలు దించే చోట మొలలోతు నీళ్లలో నిలబడింది.
ఇప్పుడు మా దోసకాయ పెట్టెలు మొయ్యాలి.

గోరుతో గీకితే పొర లేచింది.
నీలం కింద తెలుపు, తెలుపు కింద ఆకుపచ్చ,
దాని కింద ఇటుకపొడి.
కొన్నవాడల్లా ఒక రంగు వేసి పోయాడు.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు.
ఇది ఉప్పూ తింది, నీళ్లూ తాగింది,
బాకీ మాత్రం తీరలేదు.

పౌడర్ కోటింగ్ షాపు డామియన్ రంగుల పలకలు పరిచాడు:
"పొయ్యిలో కాలుస్తాం, పింగాణీలా వస్తుంది."
పింగాణీకి రాయి తగిలితే ఏమవుతుందో
మా ఇంట్లో కప్పుల్ని అడగండి.
పెచ్చు లేచిన చోట ఉప్పు దూరుతుంది,
ఆ తర్వాత పైన నిగనిగ, లోపల చెద.

హార్డ్‌వేర్ కొట్టు కుర్రాడు ఎపాక్సీ అన్నాడు.
రెండు డబ్బాలు కలిపి
నలభై నిమిషాల్లో పూసెయ్యాలట.
మా గాలిలో నలభై నిమిషాలంటే
డబ్బాలో సగం ఇసుక.

బ్రెంటన్ ఒక సీసా తెచ్చిచ్చాడు.
గొర్రె ఉన్ని నుంచి తీసిన నూనె, లానోలిన్.
"ఏటేటా పూస్తే చాలు."
మూత తీశాను.

వాన.
చింతగింజల గంజి పట్టిన నల్లగొంగడి,
దాని కొప్పెర కింద తాత భుజం,
నేనూ ఒక గొర్రెపిల్లా, ఇద్దరం పొడిగా.

ఆ సాయంత్రమే పూసేద్దును.
అంజవ్వ అడ్డం నిలబడింది:
"గొంగడి మంచిదే.
పుండు మీద కప్పితే పుండు మానుతదా?"

డ్రిల్లు తనే అందుకుంది.
ముందు గొట్టం అడుగున, వేలు పట్టేంత చిల్లు.
సన్నటి ధార,
చింతపులుసు రంగులో, ఆగకుండా.
బ్రెంటన్ మోకాళ్ల మీద కూచుని
ఒక చుక్క నాలుకకు రాసుకున్నాడు.
"నాదే," అన్నాడు మెల్లగా.

బయట ఎన్ని రంగులు మారాయో
లోపలి నీళ్లకేం తెలుసు.

పెర్త్‌లో తుత్తునాగం కరిగించే తొట్టి ఉంది.
నాలుగు వందల కిలోమీటర్ల పైమాట.
ఇసుకతో రంగులన్నీ ఒలిచి, ఇరుసు విప్పి,
యాసిడ్‌లో కడిగి, నిలువునా ముంచి తీస్తారు.
గొట్టాలన్నిటికీ చిల్లులు పెట్టి తెమ్మన్నారు,
ఊపిరి బిగబట్టిన ఇనుము ఆ వేడిలో పేలుతుందట.
పద్దెనిమిది వందలు.
కొన్నదానికి మూడింతలు.
అంజవ్వ లెక్కల పుస్తకం మూసింది.
అంటే సరేనని.

ఎన్నేళ్లు ఆగుతుందని అడిగితే
అక్కడి ఆవిడ, "సముద్రానికి మీ ఇల్లెంత దూరం?" అంది.
చెప్పాను.
బిల్లు చింపి చేతిలో పెట్టింది.

కళాయి పెట్టిన గిన్నె లోపలిలా
తెల్లగా మెరుస్తూ వచ్చింది.
దోసకాయలకింత సోకా అని
వీధిలో కాస్త సిగ్గేసింది కూడా.

నెల తిరక్కుండా పార జారి ఒక గీత.
రోజూ పొద్దున్నే టార్చి వేసి వెతికాను,
ఎరుపు కోసం.
రాలేదు.
గీత అంచున తెల్లటి బూడిద,
వేలితో తుడిస్తే పోయేంత.
ఉప్పు వస్తే తుత్తునాగం ముందు తనని తినమంటుందట.
అదయ్యాకే ఇనుము వంతు.

బ్రెంటన్ సీసా పారెయ్యలేదు.
బోల్టులకు, గొలుసుకు, తలుపు బందులకు
గుడ్డతో రాస్తుంటాను ఆదివారాలు.
అన్నానికి రమ్మని రెండోసారి కేకేసేదాకా
చేతులు కడుక్కోను.