తిరిగొచ్చిన కార్డులు

పార్టీ ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి.
దాణా కొట్టు మేడమీద ఒక గది,
కాఫీ మరకల కౌంటీ మ్యాపు,
గోడకి గెలిచినవాళ్ళ ఫొటోలు మాత్రమే.
టోర్డిస్ స్కాగెన్ పద్దెనిమిదేళ్ళుగా అక్కడ కార్యదర్శి.
నాకు బిళ్ళ ఇచ్చింది, జాబితా ఇచ్చింది,
ఇంట్లో కాల్చిన దాల్చినచెక్క రొట్టె కూడా ఇచ్చింది.

నలభై ఒక్క పేర్లు.
"వీళ్ళకి మనం కార్డులు రాశాం, ఓర్విన్.
చిరునామాదారు లేరని తిరిగొచ్చాయి.
లేని మనుషులు ఓటెలా వేస్తారు?"
సూటిగానే అడిగింది. అబద్ధమాడే మనిషి కాదు.
ఎవరింట్లో జ్వరమొచ్చినా
సూపు గిన్నెతో తలుపు తట్టే చెయ్యి అది.

స్కూలు బోర్డుకి ఎన్నిక.
బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండకూడదని చట్టం.
ఉండదు. కాగితం మీద ఉండదు.
మంచు గడ్డ కింద వాగులా
ఎక్కడుండాలో అక్కడుంటుంది.

ఫైర్ స్టేషన్లో పోలింగు.
ఇంజన్లని బయట చలిలో నిలబెట్టి
లోపల మడత బల్లలు వేశారు.
కౌంటీ క్లర్కు డెల్ఫీన్ ప్రూయిట్ మోకాళ్ళ మీద వంగి
నాకోసం నేలకి నీలం టేపు అంటించింది:
"దీని వెనకాలే కూర్చో. ఓటరుతో మాట్లాడకు.
అభ్యంతరముంటే నాతో చెప్పు. కారణం రాయాలి.
కారణం కింద నీ సంతకం ఉండాలి."

నేను స్కూలు బస్సు నడుపుతాను.
పంతొమ్మిదేళ్ళు.
ఏ గేటు దగ్గర ఏ కుక్క మొరుగుతుందో తెలుసు.
జాబితా చదువుతుంటే పేర్లు కనపళ్ళేదు నాకు,
బస్సు ఆగే చోట్లు కనపడ్డాయి.
ధాన్యం గోదాముల వెనక ట్రెయిలర్ల వరస.
అక్కడ పోస్టు డబ్బాలు లేవు.
ఉన్నవాటిని రెండేళ్ళ కిందట
మంచు తోసే బండి కూల్చేసి పోయింది.
ఎవరూ మళ్ళీ పాతలేదు.
ఉత్తరం వెళ్ళదు. బస్సు వెళ్తుంది,
ఏడుంపావుకి.

ఈ సంగతి టోర్డిస్‌కి ముందే చెప్పాలి కదా?
చెప్పలేదు.
నోట్లో రొట్టె ఉంది.

పదింటికి రోసాల్వా కింతనార్ వచ్చింది,
మాంసం ఫ్యాక్టరీ రబ్బరు బూట్లతోనే.
జాబితాలో పదిహేడో పేరు.
నాకంటే ముందు నా గొంతు లేచింది:
"అభ్యంతరం."
కారణం: ఆ చిరునామాలో ఉండటం లేదు.
రాశాను. సంతకం పెట్టాను.
నా చేతిరాత ఎన్నడూ అంత గుండ్రంగా లేదు.

ముందు ఆమె నావైపు చూడలేదు.
కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసింది.
సంచిలోంచి గ్యాసు బిల్లు తీసింది,
అద్దె రసీదు తీసింది,
ఇంకా ఏమడుగుతారోనని
పిల్లల ప్రోగ్రెస్ కార్డులు కూడా తీసి బల్లమీద పరిచింది.
అప్పుడు తల తిప్పింది.
"పొద్దున మా కవలల్ని ఎక్కించుకుంది
నువ్వేగా?"

టేపు దాటి ఓటరుతో మాట్లాడకూడదు.
ఆ నిబంధనని నా అంత గట్టిగా పట్టుకున్నవాడు
ఆ రోజు కౌంటీ మొత్తం మీద లేడు.

తర్వాత జాబితాలోంచి ఇరవైయారు మంది వచ్చారు.
వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఓటేసి పోయారు.
నేను పెన్ను మూత పెడుతూ, తీస్తూ కూర్చున్నాను.
మంచితనమనుకోకండి.
సిగ్గుకి మాట పెగలదు, అంతే.

మావాళ్ళు పదకొండు ఓట్లతో ఓడారు.
టోర్డిస్ కోప్పడలేదు.
బిళ్ళ వెనక్కి తీసుకుని, జాబితా తిరగేసి,
"ఒక్కటేనా?" అంది.
"ఒక్కటే" అన్నాను.
అదే ఎక్కువని అనలేదు.

బుధవారం, ఏడుంపావు.
గోదాముల వెనక బస్సు తలుపు తెరిచాను.
కవలలు ఎక్కి మూడో సీట్లో కూర్చున్నారు,
ఒకడి చేతి తొడుగు ఇంకొకడి చేతికి.
ట్రెయిలర్ మెట్లమీద ఆమె నిలబడి ఉంది.
బ్రేకు మీద కాలు తియ్యకుండా ఉండిపోయాను,
వెనక కారు హారన్ మోగించేదాకా.

దాణా కొట్లోనే
పోస్టు డబ్బాకి ఒక గుంజ కొన్నాను.
చివరి సీటు కింద పడి ఉంది, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా
ఆ పక్కకీ ఈ పక్కకీ దొర్లుతుంది.
నేల ఇంకా బిగిసే ఉంది.
ఏప్రిల్ దాకా పార దిగదు.