మోరిజోనో వెనక, నేల కింద

కగోషిమాలో తోకియె గారి వంటింటి కింద
మూరెడు ఎత్తులో పాకుతున్నాం.
ముందు మోరిజోనో బూట్లు, వాటి వెనక నా గడ్డం.
అగ్నిపర్వతం బూడిద ఇక్కడికీ దిగింది,
నాలుక మీద సున్నంలా.

ప్రతి దూలాన్నీ సుత్తి పిడితో తట్టి
చెవి ఆనిస్తాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
"ఇది గట్టిది. ఇదీ గట్టిదే."
పునాది రాయి మీద మట్టి గొట్టం ఒకటి,
పెన్సిలంత లావు. గోటితో విప్పాడు.
ఖాళీ.

మధ్య దూలం మీద రాతలు:
ఐదేళ్ళకొక తేదీ, ఐదేళ్ళకొక చేతిరాత.
ఒకచోట మాత్రం పదకొండేళ్ళ ఎడం.
దాని పక్క కర్ర కొత్తది, ఇంకా తెల్లగా.
ఆ ఏళ్ళ సంగతి నేనడగలేదు.
ఆయన టార్చి అక్కడ కాసేపు ఆగింది.

మందు కొట్టాక పెన్సిలు నాకిచ్చాడు.
తేదీ వేసి, కింద నా పేరు మొదలెట్టాను.
"పేరెందుకు? మళ్ళీ ఎప్పుడు రావాలో రాయి."

బయట మెట్టు మీద, బార్లీ టీ పళ్ళెంతో తోకియె గారు:
"ఉన్నాయా?"
జుట్టులోని సాలెగూడు దులుపుకుంటూ
"ఇప్పటికి లేవు" అన్నాడు.

ఆ "ఇప్పటికి"ని ఆవిడ రెండుసార్లు నోట్లో తిప్పుకుని
చెప్పులేసుకుని వెళ్ళి,
గోడకు ఆనించిన కట్టెలు
ఒక్కొక్కటే అవతలికి మోయడం మొదలెట్టింది.