ఒక పోగు తక్కువ

సలాలాలో ఖరీఫ్ దిగింది.
గల్ఫ్‌లో ముసురు పడుతుందంటే మా సిరిసిల్లలో నమ్మరు.
సన్నటి తుంపర,
పడుగు మీద గంజి చిలకరించినట్టు.

నాలుగో నంబరు గోదాములో పన్నెండు వేల దుప్పట్లు.
ఎల్లుండి లారీలెక్కి యెమెన్ పోతాయి.
నేను చూడాల్సినవి మూడే:
కుట్టు, తడి, మూలన అచ్చేసిన గుర్తు.
పోగుల సంగతి ఎవరూ అడగరు.

అడగకపోతే మాత్రం,
పద్దెనిమిదేండ్లు సాంచాల నడుమ నిలబడ్డ చెయ్యి
ఊరుకుంటుందా?
రెండువందల ఆరో దుప్పటి దగ్గర బొటనవేలు ఆగింది.
ఇక్కడ తెగింది.
వాడెవడో, ఏ ఊరి రాత్రి షిఫ్టులోనో
కునికినట్టున్నాడు. లేదా కరెంటు పోయిందేమో.
చూసుకోకుండా మూరెడు నేసేశాడు.
సేటు కూలి కోసే ఉంటాడు.
మొహం తెలియని ఆ మనిషి
ఈ గోదాము మొత్తంలో నాకు చుట్టం.

మధ్యాహ్నం సాయమిచ్చే దేశం వాళ్లు వచ్చారు.
మంచివాళ్లే. చొక్కాలు తడిసినా నవ్వారు.
కట్ట ఒకటి నన్నే ఎత్తి పట్టుకోమన్నారు.
నా చెయ్యి గుర్తు మీద పడింది.
"హాత్ హటావ్ భాయ్" అన్నాడు సూపర్‌వైజర్ షంషాద్.
తీశాను.

మా వాడకట్టులోనూ ఒక ఏడు పంచారు, బియ్యం.
మా అన్న పోయిన ఏడు.
వరుసలో నిలబడ్డ వదిన, కెమెరాను చూసి
కొంగు ముక్కు దాకా లాక్కుంది.
సంచి మీద పేరు ఇంతింత అక్షరాలతో ఉండె.
ఆ సంచినే విప్పి కుట్టి తలుపుకు పరదా కట్టినం.
వండుకున్నం. తిన్నం.
అన్నంలో తప్పేం లేదు,
ఇప్పుడూ అదే అంటాను.

ముక్బిల్ లారీ తోలతాడు, తయిజ్ వాడు.
టీ కప్పు నా పక్కన పెట్టి చెప్పాడు
వచ్చీరాని హిందీలో:
వాళ్ల వీధిలో పడ్డదాని మీద కూడా
ఏదో రాసి ఉందట.
పిల్లలు ముక్కలు ఏరి, పక్కపక్కన పేర్చి
చదవబోయారట.
సగం అక్షరాలే దొరికాయట.

నువ్వేం పని చేస్తావిక్కడ, అన్నాడు కాసేపటికి.
పోగును అరబ్బీలో ఏమంటారో నాకు రాదు.
చొక్కా అంచు నుంచి ఒకటి లాగి చూపించాను.
"ఖైత్" అన్నాడు.
"ఖైత్" అన్నాను,
పలక మీద కొత్త అక్షరం దిద్దినట్టు.

రెండువందల ఆరోదాన్ని పక్కన పెట్టలేదు.
పెడితే లెక్క తగ్గుతుంది,
తగ్గినచోట ఎవరి వీపు చలికి మిగులుతుందో.
అన్నం వేళ సూదితో తెగిన కొసలు అందుకుని
సాలె ముడి వేశాను.
వెతికినా దొరకదు.
పన్నెండు వేలలో ఒకటి. గొప్పేం కాదు.
మిగతా వాటిలో ఎన్ని తెగి ఉన్నాయో
చూసే తీరిక ఎవరిచ్చారు?

మూడోనాడు లారీలు కదిలే వేళకీ
తుంపర ఆగలేదు.
ముక్బిల్ బండి మీద టార్పాలిన్ ఒక మూల వదులైంది.
ఎక్కి, తాడు బిగించి, దిగాను.
అది నా పని కాదు.