బుడిపెల వరస

యార్డుకి వేసవి సెలవులిచ్చి పన్నెండు రోజులైంది.
చేతులు మాత్రం ఇంకా సెలవు తీసుకోలేదు.
కుంకుడు రసంతో కడిగాను, మజ్జిగలో నానబెట్టాను,
కొబ్బరినూనె పట్టించి పడుకున్నాను.
తెల్లారి కన్ను నలుపుకుంటే
అదే తేజ కాయ, అదే మంట.

ఈ చేతులకే ఎస్తేరు టీచరు
కొక్కెం సూది ఒకటిచ్చింది.
ఉన్ని ఉండ కూడా ఇచ్చింది, ముందు ఎర్రది.
"ఎరుపొద్దు టీచరమ్మా,
ఏడాదిలో తొమ్మిది నెలలు ఎరుపులోనే కూర్చుంటా" అన్నాను.
పెట్టెలో చెయ్యిపెట్టి వెతికి
జున్ను రంగుది తీసింది.

మే నెల గుంటూరులో దుప్పటేంటమ్మా అని
చుట్టుగుంట కాడ ఆటో అబ్బాయి నవ్వాడు.
నిజమే. రేకుల కింద కూర్చుంటే
ఉన్ని ఒళ్లో పిల్లిలా పడుకుని కాస్తుంది.
కానీ పెద్దాసుపత్రిలో ఒక చల్లటి గది ఉంది.
అందులో, గాజుపెట్టెలో,
ఏడో నెలకే తొందరపడ్డ మస్తాన్‌బీ మనవరాలు.
కిలోంబావు.
"మనం గంటలో తొడిమలు తీసే కాయలంత కూడా లేదే"
అంది మస్తాన్‌బీ, నవ్విద్దామనుకుని.
షెడ్డులో ఎవరమూ నవ్వలేదు.

నలుగురం తలా ఒక ముక్క.
నాది కాళ్లవైపు.

దారం సూదికి చుట్టు, కన్నంలో దూర్చు, లాగు,
రెండింట్లోంచి తియ్యి,
మిగిలింది సూది మీదే ఉండనియ్యి.
అదే కన్నంలో మళ్లీ. మళ్లీ. ఐదు సార్లు.
ఆరు ఉచ్చులు సూదిమీద
రేషను కాడ క్యూలా ఒకదాన్నొకటి తోసుకుంటాయి.
అప్పుడు ఒక్క గుంజు, ఆరింట్లోంచీ.
బఠాణీ గింజంత బుడిపె లేస్తుంది.
తర్వాత మూడు మామూలు కుట్లు, బిగువుగా,
లేకపోతే బుడిపె నీరసపడి కూలబడుతుంది.

ఇరవై ఏళ్లుగా తుంచడం తప్ప
ఇంకో పని ఎరగని బొటనవేలు
మొదటి రోజు దారాన్నీ తుంచబోయింది.

ఇంకొకటి, టీచరు చెప్పేదాకా నాకూ తెలీదు.
బుడిపె మన వైపు లేవదు.
వెనక్కి, అవతలివాళ్ల వైపు లేస్తుంది.
కుట్టేవాళ్లకి కనపడేది చదునే.
అందుకే ఎడమ చేతి నడిమి వేలు
ముక్క కిందకి పోనిచ్చి తడుముతూ కుడతాను,
తాలు కాయని చూడకుండానే పట్టినట్టు.

ఏడో వరసలో ఫోను మోగింది.
పిల్ల యాభై గ్రాములు తగ్గిందంట.
ఏం కుట్టానో, ఎన్ని చుట్టానో.
పదకొండో వరసలో వేలు ఒక గుంటలో దిగింది.
ఐదు ఉండాల్సిన చోట మూడే చుట్టాను.

"ఒక్కటేగా, వదిలెయ్యి,
చేత్తో చేసిందాంట్లో ఆ మాత్రం ఉంటే అందమే"
అంది పక్కింటి సువార్త.
నాకు నోరు రాలేదు.
బస్తాకింతని కాటా కాడ కొట్టేసేవాళ్లు కూడా
"ఆ మాత్రం" అనే అంటారు.
దారం కొస పట్టి లాగాను.
వరస తర్వాత వరస టపటపా ఊడిపోయింది,
ఉన్ని వంకీలు వంకీలుగా ఒళ్లో కుప్పైంది.
మళ్లీ ఏడు నుంచి.

ప్రతి వరస చివరా నాలిక మీద అద్దుకుని చూస్తాను.
మొదటి మూడు రోజులూ మండింది.
ఆ ముక్క మసిగుడ్డ కూడా కాలేదు,
పొయ్యి కాడ పట్టుకున్నా తుమ్ములే.
నాలుగో రోజు గోళ్లు మొదలంటా కత్తిరించేసి
కొత్తగా మొదలెట్టాను.

నిన్న మస్తాన్‌బీ వచ్చింది, ఆసుపత్రి నుంచి నేరుగా,
చెప్పులు కూడా విడవకుండా.
పోయిన యాభైకి ఇరవై తిరిగొచ్చిందంట.
ముక్క చేతికిచ్చాను.
బుడిపెల మీద వేళ్లు పోనిచ్చింది,
పైనుంచి కిందకి, కిందనుంచి పైకి.
బాగుందనలేదు.
నేను చెప్పకుండానే
అంచు పైకెత్తి నాలిక మీద పెట్టుకుంది.

నూరు దాకా లెక్కపెట్టాం, ఇద్దరం, మనసులో.

"ఉప్పగా ఉంది" అంది.
"నా చెమటే" అన్నాను.