పత్రికలో పట్టనివి

పత్రికవాళ్ళు వరుసకింతని తీసుకుంటారు.
అమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుని
మూడు వరుసల్లో ముగించింది:

ఆర్విడ్ నిస్కనెన్, ఎనభై తొమ్మిదేళ్ళు.
మాజీ సైనికుడు, చిన్న వ్యాపారి,
ఐదుగురికి తాత.

ఏం వ్యాపారమో రాయలేదు.
డులూత్‌లో సరస్సు వైపు దిగే వీధిలో
రొట్టెల కొట్టుకీ మంగలి షాపుకీ నడుమ
ఒక్క మనిషి పట్టేంత గది.
అద్దం మీద ఆకుపచ్చ అక్షరాలు: బూట్లు బాగుచేయబడును.
తోలు వాసన, జిగురు వాసన,
కీచుమంటూ తిరిగే బెల్టు యంత్రం.
పెదాల మధ్య ఆరు మేకులు బిగబట్టి
తాత మాట్లాడే మాటలు
మాకు తప్ప ఇంకెవరికీ అందేవి కావు.

సైనికుడంటే ఎక్కడి సైనికుడో రాయలేదు.
కొరియాలో ఒక డిసెంబరు రాత్రి
బూట్లు తడిసి, ఆ తడి గడ్డకట్టి,
తెల్లారేసరికి ఎడమకాలి వేళ్ళు రెండు
నల్లబడి, ఆయనవి కాకుండా పోయాయి.
అంతవరకే చెప్పేవాడు.
మిగతాది మేం అడగలేదు.
కాని ఎవరి పిల్లాడైనా
తడి బూట్లతో కొట్లో అడుగుపెడితే
చేతిలో పని చేతిలోనే పడేసేవాడు.
స్టూలు మీద కూర్చోబెట్టి, మేజోళ్ళు విప్పించి,
హీటరు ముందు ఆరేసి,
వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసేవాడు,
పదీ ఉన్నాయో లేవో తేల్చుకుంటున్నట్టు.
ఆ పనికి నలభై ఏళ్ళలో
ఒక్క సెంటు పుచ్చుకోలేదు.
సెల్మా అమ్మమ్మ లెక్కల పుస్తకంలో దానికి
'మేజోళ్ళ నష్టం' అని వేరే పద్దు ఉండేది.

ముద్దుచేసే తాతేం కాదు, నిజం చెప్పాలంటే.
ఎవరి పుట్టినరోజూ గుర్తుండేది కాదు.
ఏడేళ్ళ డెనిస్‌ని చదరంగంలో ఓడించి
వాడు ఏడుస్తుంటే
పళ్ళ మధ్య చక్కెర బిళ్ళ ఇరికించుకుని
హాయిగా కాఫీ జుర్రుకునేవాడు.
నా పెళ్ళికి వచ్చిన కానుక
రెండు బ్రష్షులు, ఒక డబ్బా పాలిష్,
"నలుపుది గోధుమరంగుకి వాడకు" అని చీటీ.
దీవెన కోసం చీటీ వెనక కూడా చూశాను.
ఏమీ లేదు.

ఇక ఆ పై అరలో బూట్లు.
నంబరు మూడువందల పద్దెనిమిది,
పందొమ్మిది వందల డెబ్భై, మార్చి.
మడమలు మార్చాలి. గురువారానికి కావాలి.
తెచ్చినవాడికి ఇరవై కూడా నిండలేదట.
సైన్యం నుంచి పిలుపు వచ్చిందని చెప్పి
డబ్బు ముందే ఇచ్చి వెళ్ళాడట.
గురువారం రాలేదు.
ఆ తర్వాత ఏ గురువారమూ రాలేదు.

కొట్టు మూసేసిన రోజు
యంత్రం అమ్మాడు, గల్లాపెట్టె అమ్మాడు,
తలుపు మీది గంట కూడా ఎవరికో ఇచ్చేశాడు.
ఆ జత మాత్రం చంకన పెట్టుకుని
బస్సెక్కి ఇంటికి వచ్చాడు.
ఏటా నవంబరులో, ఊరేగింపు పొద్దున,
తన బూట్లకన్నా ముందు వాటికి మెరుగు పెట్టేవాడు.

"వియత్నాంలో పోయుంటాడు తాతా" అన్నాను ఒకసారి.
బ్రష్ ఆగింది.
"ఇక్కణ్ణుంచి కెనడా మూడు గంటలు" అన్నాడు.
"చలికాలం బూట్లు కూడా తీసుకోకుండా పోయాడంటే
ఎంత తొందరలో ఉన్నాడో చూడు.
పారిపోయాడనే అనుకుంటున్నా.
పారిపోయి ఉండాలనే."
పతకం గుచ్చిన కోటు
పక్క కుర్చీకి వేలాడుతూనే ఉంది
ఆయన ఆ మాట అన్నప్పుడు.

వరుసకి ఎంతైనా సరే,
అది అచ్చు వేయమని ఎవరిని అడగను?

సమాధి దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు
జెండాని ముక్కోణంగా మడిచి అమ్మ చేతిలో పెట్టారు.
మంచులో వాళ్ళ బూట్లు చూశాను,
తాత అయితే అదే చూసేవాడు కాబట్టి.
ఒకడి కుడి మడమ అరిగిపోయి ఉంది.

పంపకాల్లో నాకు మూడువందల పద్దెనిమిది వచ్చింది.
సైజు తొమ్మిదిన్నర, మా ఇంట్లో ఎవరికీ పట్టదు.
నిన్న కుట్ల దగ్గర కాస్త బూజు కనిపిస్తే
పెళ్ళినాటి డబ్బా వెతికి తీశాను.
ఎండి, బీటలు వారి ఉంది.
పొయ్యి పక్కన కాసేపు పెడితే
మెత్తబడుతుందేమో చూడాలి.